అఫ్గాన్ సైన్యం పది రోజుల్లో ఎలా కూలింది? పాత చరిత్ర తెలిసినవాళ్ళు చెప్పండి

గోదారి_శ్రీను

అందరికీ నమస్కారం. 2021 ఆగస్టు 6న జరంజ్ నగరం తాలిబన్ల చేతికి పోయింది. 15న కాబూల్ పోయింది. మధ్యలో కుందూజ్, కందహార్, హెరాత్, మజారె షరీఫ్ ఒకదాని వెంట ఒకటి. కాగితం మీద ఆ దేశానికి సైన్యం, పోలీసు కలిపి 3 లక్షల పైచిలుకు బలగం ఉంది. ఆ వారమంతా మన టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట తిరిగింది: వాళ్ళ దేశం కోసం వాళ్ళే పోరాడలేదు, ఎవడేం చేస్తాడు అని.

నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు. 2014లో తాను పదవిలోకి వచ్చినప్పటి నుంచి 45 వేల మంది భద్రతా సిబ్బంది చనిపోయారని 2019 జనవరిలో అధ్యక్షుడు అష్రఫ్ ఘనీయే దావోస్‌లో చెప్పాడు. పోరాడనివాళ్ళు అంతమంది ఎలా చనిపోతారు? ఈ సైన్యం కథ మొదటి నుంచీ తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

రాయలసీమ_రాజా

శ్రీనూ, సానుభూతి సరే, లెక్క కూడా చూడాలి కదా. ఆ బలగం మీద అమెరికా పెట్టింది సుమారు 8,800 కోట్ల డాలర్లు. విమానాలు, హెలికాప్టర్లు, చీకట్లో కనిపించే కళ్ళద్దాలు అన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. అవతలివాళ్ళ దగ్గర మోటార్‌సైకిళ్ళు, కలాష్నికోవ్‌లు. చాలా జిల్లాల్లో ఒక్క గుండు పేలకుండా ఊరి పెద్దలు మధ్యలో ఉండి మాట్లాడితే చేతులెత్తేశారు. అధ్యక్షుడు హెలికాప్టరెక్కి దేశం దాటాడు. పోరాడాలన్న పట్టుదల పై నుంచి కింద దాకా లేదు. ఇంతకంటే ఇందులో రహస్యమేముంది?

చరిత్ర_మాస్టారు

రాజా, నీ లెక్కలో తప్పులేదు. కానీ 2021 నుంచి మొదలుపెడితే సగమే కనపడుతుంది. 1879 నుంచి రండి.

రెండో ఆంగ్లో-అఫ్గాన్ యుద్ధం. అమీర్ షేర్ అలీ చనిపోయాడు, కొడుకు యాకూబ్ ఖాన్ ఆ ఏడాది మే నెలలో గండమక్‌లో బ్రిటిష్ వాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. విదేశీ వ్యవహారాలు వాళ్ళ చేతికి, కాబూల్లో వాళ్ళ ప్రతినిధి, అంటే రెసిడెంటు. కావగ్నారీ అనే అధికారి వచ్చి బాలా హిస్సార్ కోటలో మకాం పెట్టాడు. సెప్టెంబరు 3 పొద్దున్నే హెరాత్ నుంచి వచ్చిన పటాలాలు జీతం కోసం కోట దగ్గర గుమిగూడాయి. నెలల బకాయి ఉంటే ఒక్క నెల జీతం చేతిలో పెట్టి పొమ్మన్నారు. మిగతాది ఎవరిస్తారని గొడవ మొదలైంది. ఇంగ్లీషువాడి దగ్గర డబ్బుందని రెసిడెన్సీ మీదికి మళ్ళారు. మొదట రాళ్ళు, తర్వాత తుపాకులు. సాయంత్రానికి కావగ్నారీ లేడు. కాపలాగా ఉన్న గైడ్స్ దళం సుమారు 70 మంది, మన సిపాయిలే, దాదాపు అందరూ పోయారు. చివర్లో మిగిలిన కొద్దిమందిని లొంగిపొమ్మంటే జమేదార్ జీవంద్ సింగ్ వినలేదు. తనవాళ్ళతో బయటికి దూకి పోరాడుతూ చనిపోయాడు.

దానికి ప్రతీకారంగా బ్రిటిష్ జనరల్ రాబర్ట్స్ సైన్యం మళ్ళీ కాబూల్ మీదికి వచ్చింది. ఆ యుద్ధం రెండో అంకం మొదలైంది బకాయి జీతం దగ్గర. ఇది మనసులో పెట్టుకోండి.

తర్వాత 1880 నుంచి 1901 దాకా అబ్దుర్ రహ్మాన్ ఖాన్. దేశాన్ని ఇనుప చేత్తో ఏలాడు. స్థిరమైన ఫౌజు నిలదొక్కుకున్నది ఆయన హయాంలోనే. ఎనిమిది మంది మగవాళ్ళలో ఒకడు ఫౌజుకి రావాలి, మిగతా ఏడుగురు వాడి ఖర్చు చూసుకోవాలి. హష్త్ నఫరీ అంటారు ఆ పద్ధతిని. వినడానికి సొంత కాళ్ళ మీద నిలబడ్డ సైన్యంలా ఉంటుంది. కానీ వెనక ఉన్నది బ్రిటిష్ ఇండియా ఖజానా. 1883 నుంచి ఏటా 12 లక్షల రూపాయలు, 1893లో బ్రిటిష్ ఇండియాతో సరిహద్దుగా డ్యూరాండ్ రేఖకి ఒప్పుకున్నాక 18 లక్షలు, తుపాకులు అదనం.

రాజా, నీది సీమ కాబట్టి ఇది చెప్పాలి. అదంతా మన రైతుల శిస్తు డబ్బు. 1876–78 నాటి ధాత కరువు కర్నూలు, బళ్ళారి జిల్లాల్ని తుడిచిపెట్టింది. 1878 చివర్లో ఆ యుద్ధం మొదలయ్యేసరికి కరువు పోయి ఏడాది కూడా కాలేదు. ఇక మీదట కరువొస్తే వాడతామని కొత్త పన్నులు వేసి, ఆ సొమ్మును అఫ్గాన్ యుద్ధానికి మళ్ళించారని అప్పట్లోనే పెద్ద దుమారం లేచింది. ఆ యుద్ధంలో మద్రాస్ సాపర్లు, అంటే సైన్యపు ఇంజనీరు దళంవాళ్ళు కూడా ఉన్నారు. బాటలు వేసినవాళ్ళలో మన వైపు మనుషులూ ఉన్నారు.

రాయలసీమ_రాజా

ధాత కరువు సంగతి మా తాతల నోట విన్నాను మాస్టారూ. దానికీ కాబూల్‌కీ ఇంత దగ్గర సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. అయినా నా ప్రశ్న నాకుంది. పరాయి డబ్బుతో నడిచిన సైన్యాలు లోకంలో చాలా ఉన్నాయి. అన్నీ పది రోజుల్లో కూలలేదు.

చరిత్ర_మాస్టారు

అక్కడికే వస్తున్నాను. 1919లో కుర్ర రాజు అమానుల్లా బ్రిటిష్ వాళ్ళ మీద యుద్ధానికి దిగాడు. మే నెలలో వాళ్ళ విమానం వచ్చి కాబూల్ మీద బాంబులు వేసింది. నెల రోజుల పోరు తర్వాత రాజీ. ఆగస్టు 8న రావల్పిండిలో సంతకాలయ్యాయి. అఫ్గానిస్థాన్‌కి పూర్తి స్వాతంత్ర్యం వచ్చింది, దాంతోపాటే సబ్సిడీ ఆగిపోయింది.

అమానుల్లాకి బోలెడు ఆశలున్నాయి. ఆడపిల్లలకి బళ్ళు, కొత్త చట్టాలు, రాజ్యాంగం, టర్కీ నుంచి సైనిక సలహాదారులు. డబ్బు మాత్రం రైతు పన్నులోంచే రావాలి. కోత సైనికుడి జీతం మీద పడింది. 1924లో ఖోస్త్ తిరుగుబాటును అణచడానికే ఆ ఫౌజు అవస్థపడింది. 1928 చివర్లో తూర్పున షిన్వారీ తెగవాళ్ళు, ఉత్తరాన తిరుగుబాటు నాయకుడు హబీబుల్లా కలకానీ లేచేసరికి అడ్డం నిలబడేవాడు లేకపోయాడు. 1929 జనవరిలో అమానుల్లా గద్దె దిగాడు. ఆయన సంస్కరణలు జనానికి నచ్చకనే పడిపోయాడని పుస్తకాల్లో రాస్తారు. అది నిజమే. కానీ గిట్టనివాళ్ళు ఏ రాజుకైనా ఉంటారు. కడుపునిండా తిండి, చేతికి జీతం ఉన్న సైన్యం తోడుంటే గండం గడిచేదని నా నమ్మకం.

నీలిమ_హన్మకొండ

మాస్టారు ఆపిన చోటి నుంచి నేనందుకుంటాను. ఎం.ఏ.లో నా డిసర్టేషన్ సోవియట్ కాలం మీదే.

1953లో ప్రధాని అయిన దావూద్ ఖాన్ ముందు అమెరికానే ఆయుధాలడిగాడు. పాకిస్తాన్ తమ మిత్రదేశం కాబట్టి వాళ్ళు ఇవ్వలేదు. 1956లో మాస్కో ఇచ్చింది. ట్యాంకులు, మిగ్‌లు, బగ్రాం విమానాశ్రయం, వాటితోపాటు చదువు. వేలమంది అఫ్గాన్ అధికారులు సోవియట్ అకాడమీల్లో తయారయ్యారు. 1973లో ఆ అధికారుల సాయంతోనే దావూద్ రాజును దించాడు. 1978 ఏప్రిల్ 27న ఆ బాపతు అధికారులే ట్యాంకులతో అధ్యక్షుడి ఆర్గ్ భవనాన్ని చుట్టుముట్టి, పై నుంచి విమానాలతో కొట్టి, దావూద్‌ను కుటుంబంతో సహా చంపేశారు.

ఏడాది తిరక్కుండా 1979 మార్చిలో హెరాత్ భగ్గుమంది. 17వ డివిజన్ సైనికులు తిరుగుబాటుదార్లతో కలిసిపోయారు. మార్చి 18న, దావూద్ తర్వాత గద్దెకెక్కిన కమ్యూనిస్టు నేత తరకీ మాస్కోకి ఫోన్ చేసి సోవియట్ ప్రధాని కొసిగిన్‌తో మాట్లాడిన మాటలు తర్వాత బయటికొచ్చాయి. మీ తాజిక్, ఉజ్బెక్ కుర్రాళ్ళకి మా యూనిఫాం తొడిగి పంపండి, ఎవరూ గుర్తుపట్టరని తరకీ బతిమాలతాడు. మా దగ్గర వందలమంది మీ అధికారులకి శిక్షణ ఇచ్చాం కదా, వాళ్ళంతా ఏమయ్యారని కొసిగిన్ అడుగుతాడు. వాళ్ళను నమ్మలేం అని జవాబు. సొంత సైన్యాన్ని నమ్మలేని ప్రభుత్వం అది.

ఆ కొసిగిన్ కాదన్న పనే డిసెంబరులో జరిగింది. సోవియట్ దళాలు దిగేముందు అఫ్గాన్ దళాల్లో ఉన్న సోవియట్ సలహాదారులే చలికాలం మరమ్మతులని ట్యాంకుల బ్యాటరీలు తీయించారు, లెక్కచూడాలని మందుగుండు వెనక్కి తెప్పించారు. 27 రాత్రి తాజ్‌బేగ్ భవనం మీద దాడి, తరకీని దించి గద్దెకెక్కిన అమీన్ హతం. దాడిలో ముందున్న దళంలో మధ్య ఆసియా కుర్రాళ్ళు అఫ్గాన్ యూనిఫాంలోనే ఉన్నారు. ఆ తర్వాత అఫ్గాన్ సైనికులు గుంపులు గుంపులుగా ఇళ్ళకి వెళ్ళిపోయారు. లక్షకు దగ్గరగా ఉన్న ఫౌజు ఏడాదిలో 30–40 వేలకు పడిపోయింది.

రాయలసీమ_రాజా

నీలిమ గారూ, ఇక్కడే నా అసలు ప్రశ్న. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ వాళ్ళు అముదర్యా వంతెన దాటి వెళ్ళిపోయారు. అప్పటి అధ్యక్షుడు నజీబుల్లా మూడు నెలలు కూడా నిలవడని అందరూ అన్నారు, మూడేళ్ళు నిలిచాడు. అదే దేశం, అవే కొండలు. మరి ఘనీ సైన్యం అమెరికా వాళ్ళు పూర్తిగా వెళ్ళకముందే ఎందుకు పడిపోయింది?

నీలిమ_హన్మకొండ

చాలా మంచి ప్రశ్న. జలాలాబాద్ చూడండి. 1989 మార్చి మొదట్లో ప్రభుత్వంతో పోరాడుతున్న ముజాహిదీన్‌లు, వెనక పాకిస్తాన్ ఐఎస్‌ఐ, ఊరిని చుట్టుముట్టారు. అక్కడ రాజధాని పెట్టి పోటీ ప్రభుత్వం నడపాలని పథకం. పది రోజుల్లో పడిపోతుందనుకున్న ఊరు పడలేదు. వేసవి మధ్యకొచ్చేసరికి ముట్టడి నీరుగారింది.

కారణాల్లో ఒకటి మనసు కలచివేస్తుంది. అంతకుముందు లొంగిపోయిన సైనికుల్ని కొన్ని ముఠాలు చంపేశాయి. ఆ వార్త బంకర్ బంకర్‌కీ పాకింది. లొంగినా చావే అని తెలిశాక ఇక ఎవడు లొంగుతాడు? రెండో కారణం సరఫరా. సోవియట్ సైనికులు వెళ్ళారు గానీ, సోవియట్ సరుకు ఆగలేదు. పిండి, పెట్రోలు, స్కడ్ క్షిపణులు విమానాల్లో వస్తూనే ఉన్నాయి. ఏడాదికి వందల కోట్ల డాలర్ల సాయం.

1992 జనవరి 1 నుంచి ఆ సాయం ఆగింది. ఇంధనం లేక విమానాలు నేల మీదే ఉండిపోయాయి. ఉత్తరాన అప్పటిదాకా ప్రభుత్వం వైపున్న దోస్తుమ్ మిలీషియా డబ్బు అందక ఎదురు తిరిగింది. ఏప్రిల్లో నజీబుల్లా ఢిల్లీ రావడానికి విమానాశ్రయానికి బయల్దేరితే దారిలో ఆపింది దోస్తుమ్ మనుషులే. ఆయన భార్యాబిడ్డలు అప్పటికే ఢిల్లీలో ఉన్నారు. ఆయన నాలుగేళ్ళకు పైగా ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో తలదాచుకుని, 1996 సెప్టెంబరులో తాలిబన్ల చేతిలో చనిపోయాడు.

అందుకని రాజా గారూ, మూడేళ్ళు నిలిచిన ఆ సైన్యమే సరుకు ఆగాక నాలుగు నెలలు కూడా నిలవలేదు.

పాత_ఎయిర్‌మన్

నేను వాయుసేనలో చాలాకాలం ఎంఐ-8, ఎంఐ-17 హెలికాప్టర్ల ఇంజిన్ పని చూశాను. నీలిమమ్మ చెప్పిన సరుకు సంగతి మెకానిక్ కంటితో చెబుతాను.

ఎంఐ-17 ఇంజిన్ మూతలు పక్కకి దించితే అవే మనం నిలబడి పనిచేసుకునే అరుగులవుతాయి. కొండల మధ్య, మైదానంలో, ఎక్కడ దిగినా పని చేసుకోవచ్చు. ఇన్ని గంటలు ఎగిరాక గేర్‌బాక్స్ అయస్కాంతపు ప్లగ్గు విప్పి చూడాలని రూలుంటుంది. దానికి అంటుకున్న నల్లటి ఆయిల్ జిగురును వేళ్ళ మధ్య నలిపి చూస్తాం. మెత్తగా ఉంటే మామూలు అరుగుదల. గరుగ్గా, మెరుస్తూ చిన్న ఇనుప పలుకులు తగిలాయా, లోపల బేరింగో గేరు పళ్ళో పోతున్నాయన్నమాట. ఆ మెషీన్ ఇక కదలకూడదు. ఎంత పెద్ద ఆఫీసరు అరిచినా సరే, నేను సంతకం పెట్టను. దుమ్ము నేలల్లో అయితే రోటర్ బ్లేడ్ల అంచులు, ఇంజిన్ లోపలి ఫ్యాన్లు ఇంకా తొందరగా అరిగిపోతాయి.

అఫ్గాన్ మెకానిక్కులకు ఈ పని బాగా వచ్చు. సోవియట్ కాలం నుంచి తరాలుగా చేస్తున్నారు. మనం కూడా 2015 చివర్లో మొదలుపెట్టి నాలుగు ఎంఐ-25 యుద్ధ హెలికాప్టర్లు ఇచ్చాం. అలాంటిది, రష్యా విడిభాగాలు కొనడం కుదరదని అమెరికా వాళ్ళు ఎంఐ-17లు తీసేసి తమ బ్లాక్ హాక్ హెలికాప్టర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. బ్లాక్ హాక్ గొప్ప మెషీన్, కాదనను. కానీ ఎంఐ-17 మోసినంత బరువు మోయదు, అంత ఎత్తులో పనిచేయదు. రిపేరు దాదాపు మొత్తం విదేశీ కాంట్రాక్టర్ల చేతుల్లో ఉంది.

2021 మొదట్లో ఆ దేశంలో సుమారు 17 వేల మంది కాంట్రాక్టర్లున్నారు. వాళ్ళు లేకపోతే ఈ విమానాలేవీ కొన్ని నెలలకు మించి ఎగరలేవని అమెరికా తనిఖీ సంస్థే ముందుగా రాసింది. అయినా వేసవికల్లా వాళ్ళనీ పంపించేశారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కులందర్నీ ఇంటికి పంపి, డ్రైవర్లున్నారుగా బస్సులు తిప్పండి అన్నట్టుంది వ్యవహారం. మరో పక్క సెలవులో ఇంటికెళ్ళిన పైలట్లను తాలిబన్లు వెతికి మరీ చంపారు. మిగిలిన పైలట్లు, మిగిలిన మెషీన్లు రోజంతా ఎగిరి ఎగిరి అరిగిపోయాయి.

దూరాన కొండ మీద చెక్‌పోస్టులో పాతికమంది ఉంటారు. అన్నం, నీళ్ళు, గుళ్ళు, దెబ్బతగిలినవాణ్ణి తెచ్చుకోవడం, అన్నీ హెలికాప్టరుతోనే. అది రావడం మానేస్తే వాళ్ళను పిరికివాళ్ళు అనడానికి నాకు నోరు రాదు.

డాలస్_కిరణ్

బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా పిల్లల స్కూల్లో పరిచయమైన ఒక అఫ్గాన్ కుటుంబం ఉంది. ఆయన అక్కడ సైన్యంలో పనిచేశాడు. తమ్ముడు కందహార్ వైపు పోలీసు. ఆ చివరి వారాల్లో కందహార్ ముందు వరసలో ఉన్న పోలీసులకి రోజుల తరబడి వచ్చింది కుళ్ళిపోతున్న బంగాళాదుంపల పెట్టె ఒక్కటే. ఆ సంగతి పేపర్లలో కూడా వచ్చింది. మా మిత్రుడు ఆ విషయం ఎత్తితే గొంతు పెగలక ఆగిపోతాడు.

ఇంకో విషయం. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబన్లు ఒప్పందం మీద సంతకాలు చేసుకున్నారు. అఫ్గాన్ ప్రభుత్వం ఆ గదిలో లేదు. 5 వేల మంది తాలిబన్ ఖైదీల్ని మాత్రం అదే ప్రభుత్వం వదలాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి చెక్‌పోస్టులో ఒకటే ఆలోచన: రేపు రాజ్యం వాళ్ళదైతే ఇవాళ నేను కాల్చిన గుండుకు నా ఇంటివాళ్ళు లెక్క చెప్పాలా అని. 2021 జులై మొదట్లో అమెరికా వాళ్ళు రాత్రికి రాత్రి బగ్రాం ఖాళీ చేసి వెళ్ళారు. అక్కడి కొత్త అఫ్గాన్ కమాండర్‌కి వాళ్ళు వెళ్ళిన గంటల తర్వాత తెలిసింది.

రాయలసీమ_రాజా

అన్నీ ఒప్పుకుంటాను. కానీ నేరమంతా అమెరికా మీద తోసేస్తే సగం మనుషులు తప్పించుకుంటారు. పేర్లు రిజిస్టర్లో ఉండి మనుషులు లేని సైనికులు ఎందరు? ఆ జీతాలు మింగింది అఫ్గాన్ అధికారులే కదా. పెట్రోలు అమ్ముకున్నది వాళ్ళే. బంగాళాదుంపల పెట్టె వెనక కూడా సరుకులు పంచే క్వార్టర్‌మాస్టర్ ఎవడో ఒకడు ఉంటాడు. కింద వాడి నోటి కాడ కూడు లాక్కున్న సొంత మనిషిని వదిలేయకండి.

చరిత్ర_మాస్టారు

రాజా మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. 1879లో కూడా హెరాత్ పటాలాల జీతం ఇంగ్లీషువాడు ఎగ్గొట్టలేదు, అమీర్ దర్బారే ఎగ్గొట్టింది.

కాకపోతే కొనుగోళ్ళు ఎవరు చేశారో కూడా చూడు. ఇటలీ నుంచి 20 పాత జి222 రవాణా విమానాలు తెచ్చారు. కొనుగోలు, మరమ్మతు కలిపి 54 కోట్ల డాలర్ల పైన. విడిభాగాలు లేక సరిగ్గా ఎగరనే లేదు. 2014లో వాటిలో పదహారింటిని కాబూల్లోనే నరికి తుక్కు కింద అమ్మితే వచ్చింది 32 వేల డాలర్లు. అడవులు ఎంతో లేని దేశపు సైన్యానికి అడవి రంగు యూనిఫాం ఎంపిక చేసి అదనంగా కోట్ల డాలర్లు తగలేశారు. దొంగ ఇంట్లోనూ ఉన్నాడు, అజమాయిషీ లేని షావుకారు బయటా ఉన్నాడు.

గోదారి_శ్రీను

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇప్పుడు వాళ్ళంతా ఎక్కడున్నారు? మన అకాడమీల్లో చదివినవాళ్ళు కూడా ఉన్నారు కదా?

నీలిమ_హన్మకొండ

ఉన్నారు. డెహ్రాడూన్ సైనిక అకాడమీ (ఐఎంఏ)లో ఏటా అఫ్గాన్ క్యాడెట్లు తయారయ్యేవారు. 2017 చివర్లో చెన్నైలోని అధికారుల శిక్షణ అకాడమీ (ఓటీఏ)కి అఫ్గాన్ మహిళా అధికారులు కూడా శిక్షణకి వచ్చారు. కాబూల్ పడిపోయినప్పుడు మన అకాడమీల్లో సుమారు 80 మంది ఉన్నారు. శిక్షణ పూర్తయ్యేసరికి చేరడానికి సైన్యం లేదు. ఏడాది పాటు ఇంగ్లీషు కోర్సు చదువుకోమని మన ప్రభుత్వం వసతి, భత్యం ఇచ్చింది.

అక్కడే ఉండిపోయినవాళ్ళ సంగతి వేరు. తాలిబన్లు అందరికీ క్షమాభిక్ష ప్రకటించారు. అయినా మొదటి రెండేళ్ళలో పాత ప్రభుత్వ ఉద్యోగులు, సైనికుల్లో కనీసం 218 మందిని చట్టం లేకుండా చంపారని ఐక్యరాజ్యసమితి 2023లో లెక్క తేల్చింది. చెన్నై వచ్చి వెళ్ళిన ఆ అమ్మాయిల గురించి తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

పాత_ఎయిర్‌మన్

పైలట్లు కొందరు చివరి రెండు రోజుల్లో 46 విమానాలు, హెలికాప్టర్లతో ఉజ్బెకిస్తాన్ చేరుకున్నారు. మిగిలినవాటిని లేపడానికి తాలిబన్లు పాత పైలట్లను, మెకానిక్కులను పనిలోకి రమ్మన్నారు. కొందరు వెళ్ళారు, ఇల్లు గడవాలి కదా. 2022 సెప్టెంబరులో కాబూల్లో శిక్షణ ఇస్తుండగా బ్లాక్ హాక్ కూలి ముగ్గురు చనిపోయారు. నడిపినవాడికి అలవాటు లేక కూలిందా, ప్లగ్గులో పలుకులు చూసేవాడు లేకనా అని ఆ రోజంతా నా బుర్రలో అదే తిరిగింది.

డాలస్_కిరణ్

ఒక చిన్న ప్రశ్న. ఇప్పుడున్న తాలిబన్ సైన్యానికి జీతం ఎవరిస్తున్నారు? లక్షన్నర మందితో ఫౌజు కడతామన్నారు కదా.

చరిత్ర_మాస్టారు

సరిహద్దుల్లో కస్టమ్స్ సుంకం, బొగ్గు ఎగుమతి, పన్నులు. వసూళ్ళలో వాళ్ళు గట్టివాళ్ళే. బయటి ప్రభుత్వమేదీ నేరుగా జీతాలివ్వడం లేదు. అమానుల్లాలాగే సొంత ఆదాయంతో సైన్యాన్ని నడిపే ప్రయత్నం చేస్తున్నారు వీళ్ళు, ఆయన మొదలుపెట్టిన ఆడపిల్లల చదువును ఆరో తరగతి దగ్గరే ఆపేసి మరీ. ఎంతకాలం నడుస్తుందో పాకిస్తాన్ సరిహద్దు గేట్లు తెరిచి ఉంటాయా లేదా అన్న దాని మీదా ఉంటుంది.

గోదారి_శ్రీను

మాస్టారూ, 1919 నుంచి 1929 దాకా ఆ పదేళ్ళ మీద వేరే చర్చ మొదలుపెట్టండి దయచేసి. ఆ ఖోస్త్ తిరుగుబాటు సంగతి నాకు అసలేమీ తెలియదు.

చరిత్ర_మాస్టారు

ఆదివారం రాస్తాను. నీలిమా, నీ దగ్గర అప్పటి టర్కీ సలహాదారుల గురించిన నోట్సు ఉంటే తీసి పెట్టమ్మా.